ఉమెబోషి, నత్తో, బెండకాయ జిగురు: జపాన్ వంటల మీద పాఠకుల ప్రశ్నలు

పోయిన సంచికలో నా టోక్యో కాపురం గురించి, అక్కడి భోజనం గురించి క్లుప్తంగా రాసిన తరువాత ఎందరో పాఠకులు ఉత్తరాలు పంపారు. వాటిలో ఎక్కువ భాగం ఇష్టాయిష్టాల చుట్టూనే తిరిగాయి. ఆరింటిని ఎంచుకుని జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మీరు టోక్యోలో పన్నెండేళ్లు ఉండి వచ్చానని రాశారు. అక్కడి వంటల్లో మీకు అన్నిటికంటె ఇష్టమైనది ఏది? ఎంత ప్రయత్నించినా నచ్చనిది ఏది? మర్యాద కోసం కాకుండా ఉన్నదున్నట్టు చెప్పవలసిందిగా కోరుతున్నాను.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఉన్నదున్నట్టే చెబుతానమ్మా. అన్నిటికంటె ఇష్టమైనది ఉమెబోషి. అది వంటకం కూడా కాదు, ఊరగాయ. నేను వెళ్లిన తొలి వేసవిలో, జులై చివర వానలు వెనకబట్టిన రోజుల్లో, పక్కింటి పెద్దావిడ తన బాల్కనీలో వెదురు తట్టల మీద ఎర్రటి చిన్న పండ్లను ఒకదానికొకటి తగలకుండా పేర్చి ఎండబెట్టడం చూశాను. ఆవిడ రోజుకోసారి వాటిని చేత్తో తిప్పి పెట్టేవారు. మూడో రోజు సాయంత్రం ఉండబట్టలేక అదేమిటని సైగలతో అడిగితే, ఒకటి తీసి నా అరచేతిలో పెట్టారు. నోట్లో వేసుకోగానే నాకు నరసాపురంలో మా అమ్మమ్మ డాబా గుర్తుకు వచ్చింది. అది మాగాయ రుచి. కారం లేదు, మెంతిపొడి లేదు, నూనె లేదు, అయినా ఆ పులుపూ ఉప్పూ ఎండా కలిసిన రుచి మాగాయదే.

తయారీ తెలుసుకున్న తరువాత ఆ పోలిక నా ఊహ కాదని అర్థమైంది. ఉమె అనే పండును రేగుపండు జాతిగానో ప్లమ్‌గానో చెబుతుంటారు గానీ, అది ఆప్రికాట్‌కు దగ్గరి చుట్టం. జూన్‌లో పక్వానికి వచ్చిన పండ్లను కడిగి, ముచ్చికలు తీసి, పండ్ల బరువులో దాదాపు ఐదో వంతు ఉప్పు వేసి, పైన బరువు పెడతారు. కొన్నాళ్లకు పుల్లటి ఊట పైకి వస్తుంది. ఎర్ర షిసో ఆకును ఉప్పుతో నలిపి ఆ ఊటలో వేస్తే పండ్లకు ఎరుపు పడుతుంది. తరువాత మూడు రోజులు ఎండలో పెట్టి జాడీకి ఎత్తుతారు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి మూడు రోజులు ఊరనిచ్చి, పిండి, ముక్కలను ఎండబెట్టి, మళ్లీ ఊటలో కలిపే మన ఇళ్లకు ఇది కొత్త విద్య కాదు. వకయమ ప్రాంతపు నాన్కో రకం ఉమె దీనికి పేరు పొందింది. కొనేవారికి ఒక్క మాట చెప్పాలి. ఇప్పుడు దుకాణాల్లో తేనె కలిపి ఉప్పు తగ్గించిన ఉమెబోషి ఎక్కువగా దొరుకుతోంది. అది నా దృష్టిలో మిఠాయికి దగ్గర. ఉమె, ఉప్పు, షిసో తప్ప మరేమీ రాయని డబ్బాను వెతికి కొనండి. జ్వరం వచ్చి లేచిన రోజున జారుగా ఉడికించిన అన్నంలో అది ఒక్కటి ఉంటే మరేమీ అక్కరలేదు.

దాని తరువాతి స్థానం సన్మా చేపది. దాని పేరు రాసే అక్షరాలకు శరత్కాలపు కత్తిచేప అని అర్థం. సెప్టెంబరు నుంచి వచ్చే ఆ సన్నటి వెండిరంగు చేపకు ఉప్పు రాసి నిప్పు మీద కాలుస్తారు. కడుపులోని భాగాలను తీయరు. ఆ చేదును కావాలనే ఉంచుకుంటారు. పక్కన తురిమిన ముల్లంగి, పుల్లటి సుదాచి కాయ చెక్క పెడతారు. గోదావరి చేపల మధ్య పెరిగిన నాకు ఆ చేదు మొదట తప్పుగా తోచింది గాని, మూడో ఏడాదికి అది లేని సన్మా వెలితిగా అనిపించింది.

ఇక నచ్చనిది నత్తో. పన్నెండేళ్లలో ఎన్ని విధాలుగా తిన్నానో లెక్కలేదు. ఆవముద్దతో తిన్నాను, ఉల్లికాడలతో తిన్నాను, పచ్చి గుడ్డు సొన కలిపి తిన్నాను, ఆమ్లెట్‌లో చుట్టుకుని తిన్నాను. ఏ విధంగానూ నాకు అది ఒప్పలేదు. ఉడికించిన సోయా గింజల మీద, పూర్వం వరిగడ్డి నుంచి సహజంగా పట్టే ఒక బాసిల్లస్ సూక్ష్మజీవిని పెరగనిచ్చి, 40 డిగ్రీల వేడి దగ్గర సుమారు ఒక రోజు పులియబెడితే నత్తో అవుతుంది. టోక్యోకు ఈశాన్యంగా ఉన్న మితో పట్టణం దీనికి ప్రసిద్ధి. పుల్లలతో కలిపిన కొద్దీ గింజల మధ్య సాలీడు దారాల వంటి తీగలు సాగుతాయి. ఎంత ఎక్కువ సాగితే అంత బాగుందని వారి లెక్క.

చాలామంది దాని వాసనే కారణమనుకుంటారు. నాకు వాసనతో పేచీ లేదు. ఎండుచేపల పులుసు వండిన ఇంట్లో పెరిగినదాన్ని. నాకు పడనిది ఆ జిగురు. ఈ సంగతి నేను గ్రహించడానికి కారణం బెండకాయ. జపనీయులు దానిని ఓకురా అంటారు. రెండు నిమిషాలు వేడినీటిలో వేసి, సన్నగా చక్రాలు తరిగి, జిగురు మరింత బయటికి వచ్చేటట్టు కలియబెట్టి, నత్తోతోనో తురిమిన పచ్చి నగైమో దుంపతోనో అన్నం మీద వేసుకుంటారు. ఈ జిగటదనానికి వారి మాట నెబానెబా. వేసవి నీరసానికి నెబానెబా తిండి మంచిదని వారి నమ్మకం. మన ఇళ్లలో జరిగేది దీనికి నేరుగా వ్యతిరేకం. బెండకాయను తరగకముందే కడుగుతాం, గుడ్డతో తడి లేకుండా తుడుస్తాం, మూకుడు మీద మూత పెట్టం, ఉప్పు చివరగా వేస్తాం, అప్పటికీ జిగురు పోకపోతే కాస్త పెరుగో చింతపండు పులుసో చిలకరిస్తాం. ఇన్ని జాగ్రత్తలూ ఒక్క జిగురును చంపడానికే. అమ్మమ్మల నాటి నుంచి జిగురు అంటే వంట చెడిందని నేర్చుకున్న నాలుకకు, జిగురే రుచి అని చెబితే ఒప్పుకోదు.

అందుచేత నేను నమ్మేదేమిటంటే, పరాయి దేశపు తిండిని మనం వద్దనేది చాలాసార్లు రుచి వల్ల కాదు, అది నోటికి తగిలే తీరు వల్ల. జపనీస్ భాషలో ఆ తీరుకు ఉన్నన్ని జంటమాటలు నేను మరెక్కడా వినలేదు. పల్చగా పెళుసుగా విరిగితే సకుసకు, గట్టిగా నమిలితే కరికరి, సాగుతూ మెత్తగా ఉంటే మొచిమొచి, జారిపోతే త్సురుత్సురు. కరకర, జిగటజిగట అనే తెలుగువారికి ఇవి పరాయిగా తోచవు. తేడా అంతా ఏ జంటమాటను మెచ్చుకోలుగా వాడతామనే దగ్గరే ఉంది.

నత్తో నచ్చలేదని చెప్పడం ఆ దేశాన్ని చిన్నబుచ్చడం కాదు. పడమటి వైపు కన్సాయ్ ప్రాంతంలో సంప్రదాయంగా దాని వాడకం తక్కువ. ఒసాకాలో పుట్టిన నా సహోద్యోగి ఒకరు జీవితంలో దాన్ని ముట్టలేదు. తినకుండానే వద్దనడానికి వారి భాషలో కువజుగిరాయ్ అనే మాట ఉంది. ఆవిడ తనది అదేనని ఒప్పుకునేవారు. భారతీయులకు నత్తో పడదని కూడా అనకూడదు. సిక్కింలో కినెమా, మేఘాలయలో తుంగ్రింబాయ్, నాగాలాండ్‌లో అఖునీ అదే కోవకు చెందిన పులియబెట్టిన సోయా వంటలు, అక్కడివారికి ప్రాణం. ఇక నా కూతురు, అక్కడి శిశుసంరక్షణ కేంద్రంలో రెండో ఏట నుంచి నత్తో తిన్న పిల్ల, ఈనాటికీ ఉదయం అన్నంలో అదే అడుగుతుంది. నేను చేసే బెండకాయ వేపుడు చూసి, ఇందులో నెబానెబా అంతా ఎక్కడికి పోయిందమ్మా అని బాధపడుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి గుండె కవాటం మార్చారు. వార్ఫరిన్ మాత్రలు వాడుతున్నారు. నత్తో తింటే రక్తం గడ్డకట్టదని ఎవరో చెప్పారు. తెప్పించి పెట్టవచ్చునా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పెట్టకూడదు. ఈ ఒక్క విషయంలో రుచుల చర్చకు చోటు లేదు. నత్తోలో కె2 విటమిన్ చాలా ఎక్కువ. వార్ఫరిన్ పనిచేసేదే కె విటమిన్‌ను అడ్డుకోవడం ద్వారా కాబట్టి, నత్తో తింటే ఆ మందు పని తగ్గిపోయి, గడ్డలు కట్టే ప్రమాదం పెరుగుతుంది. ఒక్కసారి తిన్నా ఆ ప్రభావం కొన్ని రోజులు ఉంటుంది. జపాన్‌లో వార్ఫరిన్ రాసే వైద్యులు నత్తో మానమని రోగికి తప్పనిసరిగా చెబుతారు. నత్తో నుంచి తీసినదని అమ్మే మాత్రలను కూడా మీ వైద్యుడిని అడగకుండా వాడనివ్వకండి. మీ నాన్నగారి ఆరోగ్యం కుదుటపడాలని మనసారా కోరుకుంటున్నాను.

ప్రశ్న: మా ప్రాంతంలో తాజా చేపలకు కొదవ లేదు. సుషీ అంటే పచ్చి చేపే కదా, మా చెరువులో పట్టిన బొచ్చెతోనో శీలావతితోనో ఇంట్లో చేసుకోవచ్చునా? అసలు పచ్చి చేపను అంత మంది ఎలా ఇష్టపడుతున్నారు?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: దయచేసి ఆ పని చేయవద్దు. మంచినీటి చేపలలో మనిషికి సోకే పురుగులు ఉండే అవకాశం ఉంది. తాజాదనం వాటిని చంపదు. అప్పుడే పట్టిన చేప అయినా అంతే. సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే పురుగు ఉంటుంది. దానిని చంపడానికి మైనస్ 20 డిగ్రీల దగ్గర 24 గంటలకు తగ్గకుండా గడ్డకట్టించాలని జపాన్ ఆరోగ్య శాఖ చెబుతుంది. మన ఇళ్లలోని ఫ్రిజ్ పై అరలో అంత చల్లదనం నిలకడగా ఉండదు.

సుషీ అంటే పచ్చి చేప అనుకోవడం కూడా సరికాదు. సుషీ అన్న మాట అక్కడి పుల్లటి అన్నానికి సంబంధించినది. జపాన్‌లో ఇంకా మిగిలి ఉన్న పాత పద్ధతుల్లో ఒకటి బివా సరస్సు దగ్గర చేసే ఫునజుషి. అది మంచినీటి చేపే. దానిని ఉప్పులో ఊరబెట్టి, అన్నంలో కూరి, ఏడాదికి పైగా పులియబెడతారు. ఆ వాసనకు జపనీయుల్లోనే చాలామంది దూరం జరుగుతారు. నేను ఒక్క ముక్క తిన్నాను. బాగా పండిన జున్నుగడ్డలా ఉంది, రెండో ముక్క అడగలేదు. ఇప్పుడు మనం చూసే, చేత్తో ఒత్తిన నిగిరి సుషీ 1820ల నాటి ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, వీధి తిండిగా పుట్టింది. హనయ యోహెయ్ అనే ఆయన పేరు దానితో ముడిపడి ఉంది. మంచుగడ్డలు దొరకని ఆ కాలంలో చేపను సోయా సాస్‌లో నానబెట్టేవారు, వినెగర్ పట్టించేవారు, లేదా ఉడికించేవారు.

ఇష్టాలు ఎలా మారతాయో తెలియడానికి ట్యూనా చేప పొట్టభాగం కథ ఒక్కటి చాలు. తోరో అనే ఆ కొవ్వు భాగం నేడు సుషీ దుకాణాల్లో అన్నిటికంటె ఖరీదైనది. ఎదో కాలంలో అదే భాగం కొవ్వు వల్ల త్వరగా చెడిపోతుందని, సోయాను పీల్చుకోదని పారవేసేవారు. పిల్లి కూడా దాటిపోతుందని దానికి పేరు. శీతలీకరణ వచ్చిన తరువాత, ఇరవయ్యో శతాబ్దంలో గాని నాలుకలు దాని వైపు తిరగలేదు. ఈనాడు పిల్లలు మొదట అడిగే సాల్మన్ సుషీది ఇంకా చిన్న వయసు. తమ సముద్రంలోని సాల్మన్‌లో పురుగులుంటాయని జపనీయులు దానిని వండే తినేవారు. 1980ల నుంచి నార్వే తన పెంపకపు సాల్మన్‌ను పచ్చిగా తినేందుకు అక్కడ ప్రచారం చేసి అమ్మింది.

మీరు భీమవరంవారు కాబట్టి మీకు తగిన సుషీ చేప కాదు, రొయ్య. ఎదో పద్ధతి సుషీలో రొయ్యను ఉడికించే వాడతారు. రొయ్య వంకర పోకుండా పొట్ట వైపు సన్నటి పుల్ల గుచ్చి, ఉప్పునీటిలో ఉడికించి, చల్లార్చి, పెంకు తీసి, పొట్ట వైపు చీల్చి పరవాలి. వేడి అన్నంలో వినెగర్, పంచదార, ఉప్పు కలిపి విసనకర్రతో చల్లార్చి, బొటనవేలంత ముద్ద ఒత్తి, మీద రొయ్యను పెట్టండి. జపాన్ మన దేశం నుంచి కొనే సముద్రాహారంలో రొయ్యలదే ప్రధాన స్థానం. మీ చెరువు గట్టున ఉన్న సరుకును అక్కడివారు ఓడలో తెప్పించుకుంటున్నారన్న సంగతి మీకు నాకంటె బాగా తెలుసు.

ప్రశ్న: హైదరాబాదులో ఒక జపనీస్ హోటల్‌కు కుటుంబంతో వెళ్లాం. అన్నీ చప్పగా ఉన్నాయి. ఉప్పు లేదు, కారం లేదు, అన్నం ముద్దగా ఉంది. ఇంత పేరున్న వంటలో రుచి ఎక్కడ ఉన్నట్టు?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మీరు అడిగింది నేను మొదటి ఆరు నెలలు వేసుకున్న ప్రశ్నే. మన వంటలో రుచి తాలింపులో మొదలవుతుంది, వారి వంటలో నీటిలో మొదలవుతుంది. ఆ నీటి పేరు దాషి. కొంబు అనే ఎండిన సముద్రపు నాచును నీటిలో నానబెట్టి వేడిచేసి, మరిగేలోపు తీసివేసి, ఉడికించి పొగబెట్టి బూజు పట్టించి కట్టెలా ఎండబెట్టిన కత్సుఓ చేపను చిత్రికతో తురిమి ఆ నీటిలో వేసి వడగడతారు. కూరలకైనా చారుకైనా అదే ఆధారం. 1908లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త కికునయె ఇకెదా, కొంబు రుచికి మూలం గ్లూటమేట్ అని కనుక్కుని, తీపి, పులుపు, ఉప్పు, చేదులకు చెందని ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. 1913లో ఆయన శిష్యుడు షింతారో కొదమ ఎండుచేపలోని ఇనోసినేట్‌ను గుర్తించారు. ఈ రెండూ కలిసినప్పుడు విడివిడిగా ఉన్నప్పటి కంటె ఎన్నో రెట్లు గాఢమైన రుచి వస్తుంది. బాగా పండిన టమాటాలోనూ గ్లూటమేట్ ఉంది కాబట్టి, టమాటా పప్పు తిన్నాక పెదవుల మీద మిగిలే కమ్మదనం మీకు తెలియనిది కాదు. కారం తగ్గిన నోటికి మాత్రమే అది దాషిలో దొరుకుతుంది. కారపు కూరలు తిన్న మరునాడు కాకుండా, రెండు రోజులు తేలికగా తిని వెళ్లి చూడండి.

కారం అసలే లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. పక్కన ఆకుపచ్చగా పెట్టిన వసాబీ ముక్కును తాకి క్షణంలో పోతుంది. ఆ ఘాటుకు కారణమైన పదార్థం మన ఆవాల ఘాటుకు కారణమైనదే. నూరినప్పుడు పుడుతుంది, గాలికి ఎగిరిపోతుంది, వేడికి నిలవదు. అరటికాయ ఆవపెట్టిన కూరలో పొయ్యి దించాకనే ఆవముద్ద ఎందుకు కలుపుతామో, అసలైన వసాబీ దుంపను తినే ముందే ఎందుకు తురుముతారో, రెండింటికీ ఒకటే జవాబు. మీ పళ్లెంలో ఉన్నది బహుశా రంగు వేసిన హార్స్‌రాడిష్ ముద్ద అయి ఉంటుంది, జపాన్‌లోనూ చౌక చోట్ల అదే పెడతారు.

అన్నం ముద్దగా ఉండడం వండినవారి తప్పు కాదు. అక్కడి పొట్టి గింజలో అమైలోజ్ అనే రకం పిండిపదార్థం తక్కువ, అందువల్ల మెతుకులు అంటుకుంటాయి. పుల్లలతో తినడానికి అది కావాలి. మనం పొడిపొడిగా కోరుకుంటాం, ఎందుకంటే మనం పప్పు, పులుసు, చారు కలుపుతాం. వారు మామూలుగా అన్నంలో పులుసులు కలుపుకోరు. అన్నం మీద సోయా పోస్తే పెద్దలు నొచ్చుకుంటారు. అయితే ఈ రెండు బియ్యాలకు ఒక చుట్టరికం ఉంది. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, మనం సాంబ మసూరి అని పిలిచే రకం, మసూరి సంతానం. ఆ మసూరి మలయా దేశపు వరిని తైచుంగ్ 65 తో సంకరపరచగా వచ్చింది. తైచుంగ్ 65 ఏమో తైవాన్ జపాన్ పాలనలో ఉన్నప్పుడు జపనీస్ వరి రకాల నుంచి పుట్టింది. మీ ఇంటి సన్నబియ్యంలో ఆ ముద్ద అన్నపు రక్తం కొంత ఉంది.

నిజంగా రుచి లేని పదార్థం ఒకటి చెప్పమంటే కొన్యాకు అంటాను. బూడిదరంగు జెల్లీలా ఉంటుంది, దాదాపు అంతా నీరే. అది మన కందకు అదే ప్రజాతిలోని బంధువు. పచ్చి దుంప దురద పెడుతుంది, పిండిని సున్నపు తేటతో గట్టిపరచి వండుతారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్న సామెత విని నా స్నేహితురాలొకరు, ఆ దుంప పండే గున్మాలో పుట్టిన మనిషి, తనకు అనువాదం అక్కరలేదన్నది. చలికాలంలో ముల్లంగి, గుడ్డుతో కలిపి ఓదెన్ కుండలో గంటల తరబడి ఉడికినప్పుడు మాత్రం కొన్యాకు చుట్టూ ఉన్న రుచినంతా పట్టుకుంటుంది. అప్పుడు నేను ఇష్టంగా తింటాను.

ప్రశ్న: పై చదువులకు సుకుబా నగరానికి వెళ్తున్నాను. మేము మాంసం, చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి తినము. అక్కడ నేను ఇష్టంగా తినగలిగేది ఏదైనా ఉంటుందా, లేక రెండేళ్లూ వండుకోవడమేనా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: నాయనా, ఎక్కువగా వండుకోవడమే, కాని అందుకు దిగులు అక్కరలేదు. ముందుగా కష్టం ఏమిటో చెబుతాను. చేప కంటికి కనిపించదు, దాషిలో ఉంటుంది. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) చారు, ఉదోన్ అనే లావుపాటి గోధుమ నూడిల్స్ పులుసు, కూరల ఉడుకు, కొన్ని బియ్యపు అప్పచ్చుల మీది పొడి, అన్నింటిలో అది ఉండవచ్చు. శాకాహారినని చెబితే మాంసం ముక్కలు తీసి పెడతారు, చేప నీరు లెక్కలోకి రాదు. కాబట్టి, నికు మో సకానా మో తబేమసెన్, సకానా నో దాషి మో దామే దెస్ అని చెప్పాలి. మాంసమూ చేపా తినను, చేప దాషి కూడా పనికిరాదు అని అర్థం. ఆ మాటనే జపనీస్ లిపిలో ఎవరిచేతనైనా రాయించి జేబులో ఉంచుకో. ఉమెబోషి పెట్టిన అన్నపు ముద్దలు సురక్షితమనుకుంటాం గాని, కొన్నింటిలో ఆ గుజ్జుకు చేప తురుము కలుపుతారు. నత్తో శుద్ధ శాకాహారమే, దానితో వచ్చే సోయా పొట్లంలో చేప సారం ఉంటుంది, పొట్లం పారేసి మామూలు సోయా వేసుకోవాలి. మిసో కొనేటప్పుడు దాషి కలిపినది కాకుండా చూసుకో.

అక్కడి కూర అన్నం మన కర్రీయే కదా అని మోసపోవద్దు. అది మెయ్‌జి కాలంలో, అంటే పందొమ్మిదో శతాబ్దపు చివరి భాగంలో, బ్రిటిష్‌వారి ద్వారా చేరింది. విప్లవకారుడు రాస్ బిహారీ బోస్ 1915లో జపాన్ చేరి, తనకు ఆశ్రయమిచ్చిన షింజుకులోని నకమురాయ కుటుంబానికి అల్లుడయ్యారు, 1927లో ఆ దుకాణం భారతీయ పద్ధతి కూరను పెట్టడానికి ఆయనే కారణం. ఆ చరిత్ర మనకు గర్వకారణమే, కాని బజారులో దొరికే కూర మసాలా గడ్డల్లో జంతువుల కొవ్వు, ఉల్లి ఉంటాయి. వెనక రాసినది చదవకుండా కొనకు.

ఇప్పుడు సంతోషకరమైన సంగతి. నీ నియమాలు ఆ దేశానికి కొత్తవి కావు. బౌద్ధ మఠాల షోజిన్ ర్యోరి భోజనంలో మాంసం, చేప ఉండవు, ఉల్లి, వెల్లుల్లి వంటి ఘాటైన ఐదింటిని కూడా వాడరు. జెన్ గురువు దోగెన్ 1237లోనే మఠపు వంటవాడి బాధ్యతల మీద ఒక గ్రంథం రాశారు. బియ్యం కడిగేటప్పుడు ఒక్క గింజ కూడా జారిపోనివ్వకూడదని అందులో ఉపదేశం. డబ్బు కూడబెట్టుకుని ఒకసారి వకయమలోని కోయసాన్ కొండకు వెళ్లి మఠంలో రాత్రి బస చెయ్యి. నువ్వులను మెత్తగా నూరి కుజు అనే తీగ దుంప పిండితో గడ్డకట్టించిన గోమదోఫు, చలికి గడ్డకట్టించి ఎండబెట్టి మళ్లీ నానబెట్టి ఉడికించిన కోయదోఫు, తామర దుంప, గుమ్మడి టెంపుర, ఇవన్నీ ఎర్ర లక్క గిన్నెల్లో వరుసగా పెడతారు. నేను జపాన్‌లో తిన్న భోజనాలలో నాకు అత్యంత ప్రశాంతంగా గుర్తున్నది అది. ఆ మఠంలో దాషి కొంబుతోనూ ఎండు షీతాకె పుట్టగొడుగులతోనూ కాస్తారు. నీ గదిలోనూ అదే పద్ధతి సాగుతుంది. లీటరు నీటిలో 10 గ్రాముల కొంబు, రెండు ఎండు షీతాకెలు రాత్రి వేసి ఫ్రిజ్‌లో పెడితే ఉదయానికి దాషి సిద్ధం. అందులో టోఫు, ముల్లంగి వేసి ఉడికించి, దించాక మిసో కలుపు. మీ అమ్మగారిచ్చే కందిపొడి, ఊరగాయలు మాత్రం మరిచిపోకు.

ప్రశ్న: మా అమ్మానాన్నలను, పిల్లలను తీసుకుని వసంతంలో జపాన్ చూడటానికి వెళ్తున్నాం. అక్కడి మిఠాయిలు మన నోటికి నచ్చుతాయా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పక నచ్చుతాయి. యూరప్ నుంచి వచ్చిన నా సహోద్యోగులకు అన్నిటికంటె కష్టమైనది అంకో, అంటే పంచదారతో ఉడికించి మెదిపిన అజుకి గింజల ముద్ద. గింజధాన్యం తియ్యగా ఉండడం వారికి ఎంతకూ మింగుడుపడలేదు. పూర్ణం బూరెలు తిని పెరిగిన మనకు అది మొదటి ముక్కకే సొంతదైపోతుంది. ఏలకులు, నెయ్యి ఉండవు, తీపి తక్కువ, అంతే తేడా. మొచి చలిమిడికి వరుసకు చెల్లెలు, కాని చలిమిడి కంటె చాలా ఎక్కువ సాగుతుంది. మీ అమ్మానాన్నలకు దానిని చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్కటి నమిలి మింగిన తరువాతనే మరొకటి ఇవ్వండి. కొత్త సంవత్సరం రోజుల్లో మొచి గొంతుకు అడ్డుపడి పెద్దవారు ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఏటా జరుగుతుంది. ప్రతి డిసెంబరులో అక్కడి అధికారులు హెచ్చరికలు ఇస్తారు.

వసంతంలో వెళ్తున్నారు కాబట్టి సకురామొచి దొరుకుతుంది. గులాబీరంగు మొచిలో అంకో పెట్టి, ఉప్పులో ఊరిన చెర్రీ ఆకు చుట్టి ఇస్తారు. మా అమ్మ వచ్చినప్పుడు ఆ ఆకును విస్తరాకు అనుకుని పక్కన పెట్టేసింది. నేను చెప్పాక ఆకుతో సహా కొరికి, ఉప్పూ తీపీ కలిసిన ఆ వాసనకు కాసేపు మాట్లాడలేదు, తరువాత మరో రెండు కొనమంది. మే నెల దాకా ఉండేటట్టయితే కషివామొచి కూడా తినండి. దానికి చుట్టిన ఓక్ ఆకును మాత్రం తీసేయాలి.